మడ అడవి – పాడి ఆవు



పాడి ఆవును అమ్మితే డబ్బు ఒక్కసారే వస్తుంది. మేత వేసి సాకితే రోజూ పాలిస్తుంది. అడవి కూడా అంతే. ఎలాగో చూద్దాం.

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో కోరింగ ఉంది. గోదావరి సముద్రంలో కలిసే ఆ చోట మడ అడవి పెరిగింది. మడ చెట్లు ఉప్పునీటిలో బతుకుతాయి. కొన్నిటి వేళ్లు బురదలోంచి మేకుల్లా పైకి లేస్తాయి. ఆ వేళ్లతో గాలి పీలుస్తాయి. 1978లో ప్రభుత్వం ఈ అడవిని అభయారణ్యం చేసింది. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు.

మడ అడవి వల్ల లాభం ఏమిటి?

రొయ్య పిల్లలు, చేప పిల్లలు ఈ వేళ్ల సందుల్లో పెరుగుతాయి. పెద్దవై జాలరి వలలో పడేవి అవే. తుపాను వస్తే ఈ చెట్లు అలల జోరు తగ్గిస్తాయి. 1996 నవంబరులో కాకినాడ దగ్గర తీరం దాటిన తుపాను ఎన్ని ఇళ్లలో దీపం ఆర్పిందో పెద్దవాళ్లకు తెలుసు. మడ చెట్టు నరికితే నాలుగు పూటలు పొయ్యి వెలుగుతుంది. ఆ తర్వాత రొయ్యా ఉండదు, రక్షణా ఉండదు.

"మరి మా చేతికి డబ్బెలా?" అంటారు. న్యాయమైన మాటే.

కోరింగ అడవిలో నడవడానికి చెక్కల బాట వేశారు. పడవలున్నాయి. పక్షుల్ని, నీటికుక్కల్ని చూడాలని జనం వస్తారు. పడవ నడిపేవాళ్లకు, దారి చూపేవాళ్లకు, టీ, టిఫిను అమ్మేవాళ్లకు పని దొరుకుతుంది. అడవి ఉంటేనే జనం వస్తారు. అందుకే అడవిని కాపాడుకుంటారు. దీన్నే పర్యావరణ పర్యాటకం అంటారు.

జాగ్రత్త కూడా కావాలి. జనం ఎక్కువైతే చెత్త పెరుగుతుంది. పక్షులు బెదిరిపోతాయి. హోటలు, బండి బయటివాళ్లవే అయితే డబ్బు వాళ్లతోనే పోతుంది. ఊరికి చెత్తే మిగులుతుంది. 2020లో కరోనా వచ్చి యాత్రలన్నీ ఆగిపోయాయి. కాబట్టి వల, పొలం, పొదుపు వదలకూడదు. ఇది పై సంపాదన మాత్రమే.

మీ ఊరి దగ్గర జలపాతం, చెరువు, కొండ ఉన్నాయా? చూడడానికి జనం వస్తున్నారా? గ్రామసభలో అడగండి:

1. టిక్కెట్టు డబ్బు ఎంత వచ్చింది? ఎక్కడ ఖర్చయింది?
2. పనులు మన ఊరివాళ్లకు ఎన్ని? ఆడవాళ్లకు ఎన్ని?
3. చెత్త ఎవరు ఎత్తుతున్నారు?

చదువు వచ్చింది కదా! లెక్కల పుస్తకం అడిగి మీరే చదవండి.

కొత్త మాటలు

అభయారణ్యం – జంతువులకు, పక్షులకు భయం లేని అడవి
పర్యాటకం – కొత్త చోట్లు చూసి రావడం
విస్తీర్ణం – నేల ఎంత ఉందో ఆ కొలత