వంటపాత్రయైన ఓడగంట

బాలలారా! గుడిగంట మ్రోగినచో చేతులు జోడింతుము. బడిగంట మ్రోగినచో పరుగెత్తుదుము. నేనిప్పుడు చెప్పబోవు గంట విరిగినది, మ్రోగుట మానినది. అయినను అది నూరేండ్లకు పైగా పండితులచే మాటలాడించుచున్నది.

దక్షిణ పసిఫిక్ మహాసముద్రమున న్యూజిలాండు దేశము కలదు. అచ్చటి ఆదివాసులు మావోరీలు. 1836 ప్రాంతమున విలియం కొలెన్సో అను మతప్రచారకుడు వాంగరే సమీపమున నొక మావోరి గ్రామమునకు పోయెను. అచ్చటి స్త్రీలు ఒక లోహపాత్రలో బంగాళాదుంపలు ఉడికించుచుండిరి. పరికించి చూడగా అది పాత్ర కాదు. తలక్రిందులుగా నిలిపిన కంచుగంట! గాలివానకు కూలిన పెద్దచెట్టు వ్రేళ్ళ నడుమ అది దొరికినదనియు, చాలకాలముగా తమయొద్ద నున్నదనియు వారు చెప్పిరి. కొలెన్సో వారికొక ఇనుపపాత్ర నిచ్చి గంటను పుచ్చుకొనెను.

గంటలో వంట చేసిరని నవ్వరాదు. ఐరోపావాసులు రాకపూర్వము మావోరీలకు లోహములు లేవు. కుండలు చేయు వాడుకయు లేదు. వారు నేలలో గుంట త్రవ్వి, కాల్చిన రాళ్ళ వేడిమితో ఆహారము వండుకొనెడివారు. అట్టివారికి నిప్పుమీద నిలుచు పాత్ర యెంత విలువైనదో ఊహింపుడు.

ఆ గంట యెవరిది? ఎప్పటిది? అచ్చటి కెట్లు చేరినది? ఈ మూడును వేరువేరు ప్రశ్నలు.

మొదట లోహమును చూతము. రాగి, తగరము కలిపి కరగించినచో కంచు అగును. గంటలు పోయు కంచులో తగరము సుమారు ఐదింట ఒకవంతు ఉండును. అందుచేతనే గంట ఖంగుమని మ్రోగును. గట్టి దెబ్బ తగిలినచో పగులును. కాని కంచు తన వయస్సు తాను చెప్పదు. కొయ్య, ఎముక మొదలగు వాని ప్రాచీనతను అందలి కార్బనును బట్టి లెక్కింపవచ్చును. కంచునకు ఆ పద్ధతి పనికిరాదు.

కావున పండితులు గంటచుట్టు నున్న అక్షరముల నాశ్రయించిరి. అవి తమిళాక్షరములు. “మొహియుద్దీన్ బక్షు యొక్క ఓడగంట” అని వాని భావము. అందు “కప్పల్” అనగా ఓడ. మన పాత తెలుగులోను ఓడకు కప్పలి యను పేరు కలదు. “మణి” అనగా ఇచ్చట రత్నము కాదు, గంట. ఈ చిన్నవాక్యము మొదటి ప్రశ్నకు చక్కగా బదులు చెప్పినది. గంట ఓడది, యజమాని పేరు మహమ్మదీయ నామము, వ్రాత తమిళము. చోళమండల తీరమునందలి తమిళ మహమ్మదీయ వర్తకులు మలక్కా, సుమత్రా మొదలగు తూర్పు రేవులతో వ్యాపారము చేయుట చరిత్ర ప్రసిద్ధము.

ఇక కాలము. గంటపై సంవత్సరము లేదు. కొన్ని అక్షరముల రూపములు నేటి తమిళమున కానరావు. దానిని బట్టి గంట సుమారు 500 ఏండ్లనాటిదని పలువురు తలచిరి. అది 17 లేక 18వ శతాబ్దమునాటిదని ఇటీవలి పరిశోధన చెప్పుచున్నది. ఇంత భేదమేల? మా తాతగారు తుదివరకు అరసున్నలు, బండి ఱలు విడువక ఉత్తరములు వ్రాసెడివారు. అప్పటికే మేము బడిలో వానిని మానివేసితిమి. ఆయన ఉత్తరమును లిపిని బట్టి మాత్రమే పరీక్షించినవాడు దానిని ఒక తరము వెనుకకు నెట్టును. చేయి అలవాటుపడిన అక్షరము కాలము మారగానే మారదు. లిపి శతాబ్దమును సూచించునే గాని సంవత్సరమును చూపదు.

మూడవ ప్రశ్న మరింత చిక్కైనది. గంటను పోసిన కాలము వేరు. అది ఆ దేశము చేరిన కాలము వేరు. 1642లో టాస్మను, 1769లో కుక్కు న్యూజిలాండు తీరము చేరిరి. ఆ 1769లోనే పుదుచ్చేరి నుండి బయలుదేరిన ఒక ఫ్రెంచి ఓడయు భారతీయ నావికులతో ఆ దేశపు ఉత్తరతీరమునకు పోయినది. గంట చేతులు మారి ఏ ఓడలోనైన వచ్చియుండవచ్చును. నావికులు విడిచిన ఓడ గాలికి కొట్టుకొని వచ్చియు నుండవచ్చును. “మనవారే ఆ దేశమును ముందు కనుగొనిరి” అని చాటుటకు ఈ గంట యొక్కటి చాలదు. అభిమానము మంచిదే, అది సాక్ష్యమును దాటి పోరాదు.

ఆ చెట్టు మొదట గంటతో పాటు ఓడకొయ్య ముక్క యొకటి దొరికి, దానిని దాచియున్నచో నేడెంత తెలియునో! కాని చెట్టున్న తావును ఎవరును గుర్తు పెట్టలేదు. గంట మిగిలినది, దాని చుట్టునున్న కథ పోయినది.

కొలెన్సో 1899లో మరణించెను. గంట నేడు వెల్లింగ్టను నగరమున తే పాపా మ్యూజియమునందు కలదు.

బాలలారా! మీ యూర దున్నునప్పుడో, పునాది త్రవ్వునప్పుడో పాతగంట బయటపడవచ్చును. చింతపండుతో తోమి మెరిపింపవలదు; చిలుముతో పాటు అక్షరములును అరిగిపోవును. దొరికిన చోటు, లోతు, దానితో పాటు కనబడిన పెంకులు, కొయ్యలు అన్నియు వ్రాసికొనుడు. మీ ఉపాధ్యాయునకు చూపి, పురావస్తుశాఖవారికి తెలుపుడు. వస్తువును మాత్రమే కాక, అది దొరికిన తావును కాపాడినవాడే దాని చరిత్రను కాపాడినవాడు.

ప్రశ్నలు

1. మావోరీలు గంటను వంటకు వాడుటకు కారణమేమి?
2. లిపిని బట్టి కాలమును నిర్ణయించుటలో గల చిక్కు ఎట్టిది?
3. గంటను పోసిన కాలము, అది న్యూజిలాండు చేరిన కాలము ఒకటే యని ఏల చెప్పరాదు?