హామీగా ఏం పెడతారు?

అప్పు కోసం బ్యాంకు మెట్లెక్కిన మనవాళ్ళకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "హామీగా ఏం పెడతారు?" మనకు భూమి పట్టా ఉండదు. జామీను సంతకం పెట్టే ఉద్యోగి బంధువుల్లో ఉండడు. ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాళ్ళం మనమే. తలవంచుకుని తిరిగి వస్తాం. ఇదే ప్రశ్నకు అమెరికాలో ఒక నల్లజాతి మహిళ ఏం జవాబు చెప్పారో తెలుసుకుందాం.

ఆమె బార్బరా గార్డ్‌నర్ ప్రోక్టర్. 1932లో నార్త్ కరొలినా రాష్ట్రంలోని బ్లాక్ మౌంటెన్‌లో జన్మించారు. కరెంటు, కుళాయి లేని గుడిసెలో అమ్మమ్మ పెంచింది. అలబామాలోని టల్లడేగా కళాశాలలో చదివి చికాగో చేరారు. జాజ్ సంగీతంపై వ్యాసాలు రాశారు, రికార్డుల కంపెనీలో పనిచేశారు. 1960లలో ప్రకటనల రంగంలో అడుగుపెట్టారు.

ఒక ఏజెన్సీలో ఉండగా జుట్టుకు రాసే నురుగుకు ప్రకటన తయారుచేయమన్నారు. పౌరహక్కుల కోసం నల్లవారు చేసిన ప్రదర్శనలను అది వెక్కిరించేలా ఉంది. ఆమె ఒప్పుకోలేదు. ఉద్యోగం పోయింది.

1970లో సొంత ఏజెన్సీ పెట్టాలని, చిన్న వ్యాపారాలకు తోడ్పడే ప్రభుత్వ సంస్థను అప్పు అడిగారు. వాళ్ళు హామీ అడిగారు. ఆస్తి లేదు కనుక తననే హామీగా చూపారు. ఈమెను ఉద్యోగంలో పెట్టుకుంటే ఎంత జీతమిస్తారని ఆ రంగంలోని సంస్థలను అడిగి చూడమన్నారు. వాళ్ళు కట్టిన విలువ ఆధారంగా 80,000 డాలర్ల అప్పు మంజూరైంది.

ఏజెన్సీకి 'ప్రోక్టర్ అండ్ గార్డ్‌నర్' అని పేరు పెట్టారు. రెండూ ఆమె ఇంటిపేర్లే! ఆడదానితో వ్యాపారమా అని వెనుకాడేవాళ్ళు గార్డ్‌నర్ అనే మగ భాగస్వామి ఉన్నాడనుకునేవారు. సిగరెట్లు, మద్యం ప్రకటనలను ఆమె తీసుకోలేదు. 1984లో అధ్యక్షుడు రీగన్ పార్లమెంటు ప్రసంగంలో ఆమె పేరు ప్రస్తావించారు. 1990లలో సంస్థ దివాలా తీసింది. 2018లో ఆమె కన్నుమూశారు.

సంస్థ మూతపడినా ఆ జవాబు మనకు మిగిలింది. ఆమె విలువ ఆమె నోటితో చెప్పుకోలేదు, పని తెలిసినవాళ్ళ చేత చెప్పించారు. కనుక తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! నేర్చిన పనిని నలుగురికీ కనబడేలా చేద్దాం. మన పని చూసినవారి చేత నాలుగు మాటలు రాయించుకుని మార్కుల జాబితాల పక్కనే దాచుకుందాం. రేపు ఎవరైనా హామీ అడిగితే తలవంచుకోకుండా ఆ కాగితం తీసి బల్లమీద పెడదాం.