కౌలు నేలలో పంట: ఎన్విడియా చిప్‌సెట్ల కథ

రుణం కోసం ఒక చిన్న పరిశ్రమ యజమాని శాఖకు వస్తే, అమ్మకాలు, లాభాలు చూశాక మన అధికారులు తప్పకుండా అడిగే ప్రశ్నలు రెండున్నాయి. మీ సరుకు కొనేవారు ఎందరు? మీ వ్యాపారం ఎవరి అనుమతి మీద ఆధారపడి ఉంది? లెక్కలన్నీ బాగున్నప్పుడు ఈ ఆరా ఎందుకని ఇంట్లో కామర్స్ చదివే పిల్లలు అడగవచ్చు. దానికి జవాబు కంప్యూటర్ రంగంలో జరిగిన ఒక కథలో దొరుకుతుంది.

చిప్‌సెట్ చేసే పని

కంప్యూటర్ పెట్టె తెరిస్తే లోపల ఒక పెద్ద పలక కనిపిస్తుంది. అదే మదర్‌బోర్డు. దాన్ని ఒక బ్యాంకు శాఖ అనుకుందాం. నిర్ణయాలు తీసుకునే మేనేజరు ప్రాసెసర్. ఆయన బల్ల మీద ఉన్న ఫైళ్లు మెమరీ. వెనక గదిలోని రికార్డులు హార్డ్ డిస్క్. ఏ కాగితం ముందు వెళ్లాలో, ఏది తర్వాత వెళ్లాలో చూసుకుంటూ వీటన్నిటి మధ్యా తిరిగే మనిషి చిప్‌సెట్.

ఆ రోజుల్లో ఈ పనిని సాధారణంగా రెండు చిప్‌లు పంచుకునేవి. నార్త్‌బ్రిడ్జ్ అనే చిప్ మెమరీని, గ్రాఫిక్స్‌ను ప్రాసెసర్‌తో కలిపేది. సౌత్‌బ్రిడ్జ్ అనేది డిస్కు, కీబోర్డు, యూఎస్‌బీ, శబ్దం వంటివి చూసుకునేది. ఇక్కడ ముఖ్యమైన విషయం ఒకటుంది. ప్రాసెసర్ ఎలా మాట్లాడుతుందో ఆ పద్ధతిని నిర్ణయించేది ప్రాసెసర్ తయారీదారే. కాబట్టి చిప్‌సెట్ చేసేవారు ఆ భాషలోనే మాట్లాడాలి.

కొత్త రంగంలో అడుగు

ఎన్విడియా సంస్థను 1993లో జెన్సెన్ హువాంగ్, క్రిస్ మలకావ్‌స్కీ, కర్టిస్ ప్రీమ్ కాలిఫోర్నియాలో స్థాపించారు. 1999లో జీఫోర్స్ 256 వచ్చేసరికి గ్రాఫిక్స్ చిప్‌లలో అది ముందు వరుసలో నిలిచింది. మైక్రోసాఫ్ట్ ఆటల యంత్రం ఎక్స్‌బాక్స్‌కు కూడా చిప్‌లు చేసింది. ఆ అనుభవంతోనే 2001 జూన్‌లో ఎన్‌ఫోర్స్ పేరుతో మదర్‌బోర్డు చిప్‌సెట్ల రంగంలోకి దిగుతున్నట్టు ప్రకటించింది.

తొలి ఎన్‌ఫోర్స్ ఏఎండీ సంస్థ ప్రాసెసర్లకే పనికొచ్చేది. ఇంటెల్ ప్రాసెసర్లకు చిప్‌సెట్ చేయాలంటే ఇంటెల్ లైసెన్సు కావాలి మరి. తైవాన్‌కు చెందిన వయా సంస్థ అదే 2001లో పెంటియం 4కు చిప్‌సెట్ తెచ్చినప్పుడు, లైసెన్సు లేదంటూ ఇంటెల్ కోర్టుకెక్కింది. ఆ వివాదం 2003లో గానీ సర్దుబాటు కాలేదు.

సరుకులో లోపం లేదు. ఎన్‌ఫోర్స్‌లో జీఫోర్స్ 2 స్థాయి గ్రాఫిక్స్ చిప్‌సెట్‌లోనే అమర్చి ఇచ్చారు. పై రకంలో రెండు మెమరీ దారులు ఒకేసారి పనిచేసేవి. 2002లో వచ్చిన ఎన్‌ఫోర్స్ 2ను ఏఎండీ వాడుకరులు ఎంతో ఇష్టపడ్డారు. 2004లో ఎన్‌ఫోర్స్ 4తో ఒకే బోర్డు మీద రెండు గ్రాఫిక్స్ కార్డులను కలిపి నడిపే వీలు వచ్చింది. అదే ఏడాది ఇంటెల్‌తో లైసెన్సు ఒప్పందం కూడా కుదిరింది. 2008లో యాపిల్ తన మ్యాక్‌బుక్‌లలో ఎన్విడియా చిప్‌సెట్ వాడింది. పైకి చూస్తే పంట బాగా పండింది.

నేల కదిలింది

నష్టం మూడు దారుల్లో వచ్చింది.

మొదటిది సాంకేతికం. 2003లో ఏఎండీ తన అథ్లాన్ 64 ప్రాసెసర్‌లోనే మెమరీని నడిపే భాగాన్ని పెట్టేసింది. నార్త్‌బ్రిడ్జ్ పనిలో పెద్ద వాటా ప్రాసెసర్‌లోకి వెళ్లిపోయింది. మన శాఖ పోలికలో చెప్పాలంటే, మేనేజరే లేచి తన ఫైలు తాను తెచ్చుకోవడం మొదలుపెట్టారు.

రెండోది కొనుగోలుదారు వైపు నుంచి. 2006లో ఏఎండీ సుమారు 540 కోట్ల డాలర్లకు ఏటీఐని కొనేసింది. ఏటీఐ గ్రాఫిక్స్‌లో ఎన్విడియాకు నేరుగా పోటీదారు, పైగా చిప్‌సెట్లు కూడా చేసేది. ఎవరి ప్రాసెసర్ల కోసం ఎన్విడియా ఈ రంగంలోకి వచ్చిందో, వారికి ఇప్పుడు సొంత చిప్‌సెట్ ఉంది.

మూడోది అనుమతి. 2008 చివర్లో ఇంటెల్ కూడా మెమరీ భాగాన్ని ప్రాసెసర్‌లోకి తెచ్చింది. 2004 ఒప్పందం ఈ కొత్త రకం ప్రాసెసర్లకు వర్తించదంటూ 2009 ఫిబ్రవరిలో కోర్టును ఆశ్రయించింది. వర్తిస్తుందని ఎన్విడియా వాదించింది. తీర్పు రాకముందే, ఆ ఏడాది అక్టోబరులో, కొత్త ఇంటెల్ ప్రాసెసర్లకు చిప్‌సెట్ల తయారీ ప్రయత్నాన్ని నిలిపివేస్తున్నట్టు ఎన్విడియా చెప్పింది. 2011 జనవరిలో రాజీ కుదిరింది. ఎన్విడియాకు ఇంటెల్ వాయిదాలలో 150 కోట్ల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకుంది. డబ్బు వచ్చింది గానీ, కొత్త ప్రాసెసర్లకు చిప్‌సెట్లు చేసే హక్కు మాత్రం రాలేదు.

కౌలు రైతు సంగతి

గ్రామీణ శాఖల్లో పనిచేసినవారికి ఈ కథ కొత్తగా అనిపించదు. కౌలు రైతు ఎరువు వేస్తాడు, నీరు పెడతాడు, గట్టు కన్నా బాగా చూసుకుంటాడు. అయినా భూమి అతనిది కాదు. యజమాని తానే సాగు చేసుకుంటానంటే ఆ రైతు నైపుణ్యం అతన్ని ఆ చేలో నిలబెట్టలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో అధీకృత సాగుదారుల చట్టం తెచ్చి, కౌలు రైతులకు రుణ అర్హత కార్డులు ఇచ్చింది ఈ బలహీనతను గుర్తించే. ఎన్విడియా కూడా చిప్‌సెట్లలో కౌలు రైతే. ఇద్దరు ఆసాముల చేలలో సాగు చేసింది. ఇద్దరూ సొంత సాగుకు దిగారు.

అయితే ఆ సంస్థ బతికి బట్టకట్టింది ఎలా? దానికి సొంత పొలం ఉంది కనుక. అది గ్రాఫిక్స్. చిప్‌సెట్లు బాగా అమ్ముడవుతున్న 2006లోనే, గ్రాఫిక్స్ చిప్‌తో సాధారణ లెక్కలు కూడా చేయించే క్యూడా అనే పద్ధతిని ప్రకటించింది. 2012లో బొమ్మలను గుర్తించే పోటీలో సంచలనం సృష్టించిన అలెక్స్‌నెట్ అనే కృత్రిమ మేధ నమూనాకు శిక్షణ ఇచ్చింది రెండు ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుల మీదే. 2020లో మెలనాక్స్ సంస్థను కొని యంత్రాలను కలిపే వ్యవస్థను సొంతం చేసుకుంది. 2021లో సొంత ప్రాసెసర్ గ్రేస్‌ను ప్రకటించింది. పూర్వం పరాయి ప్రాసెసర్ పక్కన చోటు కోసం అడిగిన సంస్థ, తన చేను చుట్టూ తానే గట్టు వేసుకుంది. 2025 సెప్టెంబరులో ఇంటెల్‌లో 500 కోట్ల డాలర్లు పెట్టుబడి పెడతామని ప్రకటించింది కూడా ఆ ఎన్విడియాయే.

అందుకే దరఖాస్తుదారు లాభాల పట్టిక చదివాక మరో కాగితం కూడా అడగాలి. సరుకు ఒక్క పెద్ద సంస్థకే వెళ్తోందా? ఆ సంస్థ రేపు దాన్ని తానే చేసుకోగలదా? లైసెన్సు ఎప్పటి వరకు ఉంది, కొత్త రకం సరుకుకు అది వర్తిస్తుందని స్పష్టంగా రాసి ఉందా? ఆ కౌలు పోతే బతకడానికి సొంత చేను ఏది? కౌలు చేయడం తప్పేమీ కాదు. చాలామంది వ్యాపారం మొదలయ్యేది అక్కడే. ఆ పంట డబ్బులో కొంత సొంత నేల మీద పెడుతున్నారో లేదో చూడటం మన పని. ఉద్యోగంలో చేరబోయే మన పిల్లలు తమ చదువు గురించి, నైపుణ్యం గురించి వేసుకోవలసిన ప్రశ్న కూడా ఇదే.