ఇంజన్‌కి 'అన్‌డూ' లేదు

అమెరికాలో కార్ల సరదా ఉన్నవాళ్ళ మధ్య కాసేపు కూర్చుంటే 'మ్యాప్ మార్చాను', 'ఫ్లాష్ చేశాను', 'లాగ్ చూశావా?' లాంటి మాటలు వినబడతాయి. ఒకప్పుడు ట్యూనింగ్ అంటే కార్బ్యురేటర్ దగ్గర స్క్రూడ్రైవర్ తిప్పడం. ఇప్పుడది చాలావరకు మనకి తెలిసిన పనే. ఎలా చేస్తారో చూద్దాం.

ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ పేరు ఈసీయూ. దాని మెమరీలో పట్టికలుంటాయి. ఉదాహరణకి ఒక పట్టికలో అడ్డంగా ఇంజన్ వేగం, నిలువుగా ఇంజన్ మీది లోడు. రెండూ కలిసే గడిలోని అంకె స్పార్క్ ఎప్పుడు రావాలో చెబుతుంది. అంటే మన లుకప్ టేబులే! ఆ అంకెలు మార్చి తిరిగి ఎక్కించడమే రీమ్యాప్. 1996 మోడల్ నుంచి అమెరికా కార్లకి ఓబీడీ-2 తప్పనిసరి. చాలా కార్లలో స్టీరింగ్ కింద ఉండే ఆ సాకెట్ ద్వారానే ఈ పని చేయవచ్చు.

మరి కంపెనీ వాళ్ళే ఎక్కువ పవర్ ఎందుకివ్వలేదు? ఎండకీ, చలికీ, నాసిరకం పెట్రోలుకీ, ఏళ్ళ అరుగుదలకీ తట్టుకోవాలని కొంత మార్జిన్ వదులుతారు. ట్యూనర్ తీసుకునేది ఆ మార్జిన్‌లోంచే.

స్పార్క్ మరీ ముందుగా వస్తే, మంట చేరకముందే మిగిలిన మిశ్రమం తనంతట తానే పేలుతుంది. దీన్నే 'నాక్' అంటారు. అది తీవ్రమైతే పిస్టన్ పగలవచ్చు. 93 ఆక్టేన్ పెట్రోలుకి రాసిన మ్యాప్‌ని, ప్రీమియం అంటే సాధారణంగా 91 మాత్రమే ఉండే కాలిఫోర్నియాలో వాడితే ఈ ప్రమాదం ఉంది. కోడ్ అదే, ఎన్విరాన్‌మెంట్ వేరు!

అందుకే మంచి ట్యూనర్ ముందుగా ఒరిజినల్ ఫైలు దాచుకుంటాడు. ఒక్కో పట్టికనే కొద్దికొద్దిగా మారుస్తాడు. ప్రతి మార్పు తరువాతా కారుని డైనో మీద నడిపి, నాక్, గాలి-పెట్రోలు నిష్పత్తి లాగ్ చేసి పోల్చుకుంటాడు. పాత ఫైలుని మళ్ళీ ఎక్కించవచ్చు, పగిలిన పిస్టన్‌ని అతికించలేం.

చట్టం సంగతి కూడా ఉంది. పొగ నియంత్రణ వ్యవస్థని పనిచేయకుండా చేయడం క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం చట్టవిరుద్ధం. కాలిఫోర్నియా స్మాగ్ చెక్‌లో 2021 జూలై నుంచి ఈసీయూ సాఫ్ట్‌వేర్ మారిందేమో కూడా చూస్తున్నారు. రాష్ట్ర ఆమోదం లేని ట్యూన్ ఉంటే కారు ఫెయిలవుతుంది.

కాబట్టి తాళాలు చేతికిచ్చే ముందు ట్యూనర్‌ని మూడు ప్రశ్నలడగండి. ఈ మ్యాప్ ఏ పెట్రోలుకి రాశారు? లాగులు చూపిస్తారా? నా పాత ఫైలు నాకిస్తారా? సరైన జవాబులు రాకపోతే, టెస్టింగ్ లేకుండా ప్రొడక్షన్‌లో పెట్టే కోడ్‌ని మీరు ఏం చేస్తారో, ఇక్కడా అదే చేయండి.