ప్రేమయు, వ్యామోహమును

ఆంగ్ల మహాకవి షేక్స్పియరు రచించిన విషాదాంత నాటకములలో 'రోమియో జూలియట్' మిక్కిలి ప్రసిద్ధమైనది. ఇది 1597లో మొదట అచ్చుపడినది. ఇటలీ దేశమందలి వెరోనా నగరమున మాంటేగు, కాపులెట్ అను రెండు కుటుంబములకు చిరకాలముగా పగ కలదు. మాంటేగు కుమారుడు రోమియో. కాపులెట్ కుమార్తె జూలియట్.

నాటకారంభమున రోమియో వలచినది జూలియట్‌ను గాదు, రోజలిన్ అను కన్యను. ఆమె ప్రేమనే వర్జింతునని వ్రతము పూనినది. అతడు పగటివేళ కిటికీలు మూసికొని, చీకటిలో నిట్టూర్పులు విడుచుచుండెను. వారిరువురును మాటాడుకొన్న ఘట్టము నాటకమున ఒక్కటియు లేదు. ఆమెను జూచుటకై కాపులెట్ ఇంటి విందునకు బోయి, జూలియట్‌ను జూచిన క్షణముననే ఆమెను మరచెను. చూపుతో బుట్టి చూపుతో నశించు దానినే వ్యామోహ మందురు.

జూలియట్‌పై గలిగినదియు అట్టిదే కాదా యని మీరడుగవచ్చును. లారెన్సు సన్న్యాసియు అట్లే శంకించి యతనిని మందలించెను. కాని క్రమముగా భేదము తేటపడును. జూలియట్‌కు పదునాలుగేండ్లు నిండలేదు. అయినను, చంద్రుడు మారుచుండువాడు గనుక చంద్రునిపై ఒట్టు పెట్టవలదని రోమియోను వారించెను. తన మేనమామ కుమారుడగు టిబాల్టు భర్త చేతిలో హతుడయ్యెనని విని తల్లడిల్లియు, భర్తను విడనాడలేదు. పెంచిన దాది సైతము పారిస్ ప్రభువును పెండ్లాడుమని బోధింపగా చలింపలేదు. రోమియోయు, టిబాల్టు తన్ను దూషించినపుడు, భార్యకు బంధువని యెంచి మొదట కత్తి దూయక సహించెను. ఇట్లు కష్టమున నిలుచునదియే ప్రేమ.

అట్లయిన వారేల నశించిరి? ప్రేమ నిజమైనదే కాని, వ్యామోహమునకు సహజమగు తొందర వారిని వీడలేదు. ఆర్థర్ బ్రూక్ 1562లో ప్రకటించిన కావ్యమున ఈ కథ నెలల తరబడి నడచును. షేక్స్పియరు దానిని అయిదు దినములకు కుదించెను. ఆదివారము రాత్రి చూపులు కలిసెను; సోమవారము పెండ్లి జరిగెను; గురువారము తెల్లవారునప్పటికి ఇరువురును విగతజీవులైరి. మిత్రుడు మెర్కూషియో హతుడు కాగానే రోమియో సహనమును గోల్పోయి, టిబాల్టును జంపి, నగర బహిష్కృతుడయ్యెను. జూలియట్ 42 గంటలు మృతురాలివలె నిద్రింపజేయు మందు త్రాగెను. ఆ సంగతి దెలుపు లేఖను గొనిపోవు సన్న్యాసిని, తెగులు సోకినదను శంకతో ఒక యింట నిర్బంధించుటచే, అది రోమియోకు చేరలేదు. సమాధిలో ఆమె పెదవుల యెరుపు తగ్గకుండుట అతడు కన్నులార జూచెను. అయినను ఒక్క గడియ ఆగి యాలోచింపక ప్రాణములు విడిచెను. కొలదిసేపటికే మేల్కొనిన జూలియట్ అతని ననుసరించెను.

బిడ్డలు బలియైన పిమ్మట పెద్దలు పగ మానిరి. మనసు విప్పి చెప్పుకొనుటకు ఇంట చోటు లేకుండ జేసిన ఆ పగకును ఈ దోషమున పాలు కలదు.

విద్యార్థులారా! మరణము ప్రేమకు కొలత కాదు. జూలియట్ ప్రేమ గొప్పతనము ఆమె కష్టకాలమున చూపిన నిలకడలో నున్నది. రోమియో ఆ గడియసేపు వేచియుండినచో ఇరువురును బ్రతికెడివారు. నిదానమే ప్రధానమని మన పెద్దలు చెప్పిన మాట ప్రేమ విషయమునను మరువదగదు.