స్వేదగృహమునకు కొయ్యబల్ల

ఆవిరిచే చెమట పట్టించుట మన వైద్యమున స్వేదన మనబడును. చరకసంహిత సూత్రస్థానమున 14వ యధ్యాయమంతయు దీనిని గూర్చినదే. అందలి జేంతాకస్వేదమునకు పెక్కు గవాక్షములు గల గుండ్రని గదియు, నడుమ పొయ్యియు, గోడ వెంబడి అరత్ని యెత్తును అరత్ని వెడల్పును గల తిన్నెయు విధింపబడెను. అరత్ని యనగా మోచేయి మొదలు చిటికెనవ్రేలి కొనవరకు గల కొలత. మూర్ఛ వచ్చినను తిన్నెను విడువరాదనియు, విడిచినవాడు ద్వారము గానక ప్రాణములు గోల్పోవుననియు నందు హెచ్చరిక కలదు. నేటి వైద్యులన్ననో, తల తిరిగినంతనే వెలుపలికి రమ్మందురు. కావున మేము బల్లను తలుపు చెంతనే వేయుదుము.

సంగారెడ్డి వడ్రంగులకు పరిచితమైన టేకు దీనికి చాలును. తడికి అంతగా వంకర పోదు. పటాన్‌చెరు వంటి కర్మాగారప్రాంతములందు యంత్రములు వచ్చిన పెట్టెల చెక్క చౌకగా దొరకవచ్చును. దానిని కొనుటకు ముందు ముద్ర చూడవలెను. దేశాంతరము నుండి వచ్చిన చెక్కపై హెచ్.టి. యని యున్న కాచినదనియు, ఎమ్.బి. యని యున్న మిథైల్ బ్రోమైడను విషవాయువు పట్టించినదనియు నర్థము. రెండవది స్వేదగృహమునకు పనికిరాదు. మొదటిదియు దేవదారుజాతిదైనచో వేడికి బంక కారి యొడలి కంటుకొనును.

బల్ల పొడవు 6 అడుగులు, వెడల్పు 2 అడుగులు, ఎత్తు 18 అంగుళములు. చరకుని అరత్నియు నించుమించుగ నింతే! పైన 3 అంగుళముల వెడల్పు, 1 అంగుళము మందము గల పట్టెలను చిత్రిక పట్టి, అంచులు గుండ్రని చేసి, నడుమ అర అంగుళము సందు విడిచి పరువవలెను. తడిసిన కొయ్య అడ్డముగ నుబ్బును. సందు లేనిచో పట్టె లొకదాని నొకటి నెట్టుకొని పైకి లేచును. నీరు దిగుటకును, క్రింద గాలి యాడుటకును ఆ సందే మార్గము. పట్టెల క్రింద రెండేసి యడుగులకొక అడ్డుదూలము వేసి, దాని కొనలను సన్నముగ చెక్కి కాళ్లకు తొలిచిన రంధ్రములలో బిగింపవలెను.

ఇనుపచీలలు పైనుండి కొట్టరాదు. ఫిన్లాండు సౌనాలో వేడి 80 మొదలు 100 డిగ్రీల వరకు నుండును. అట్టిచోట కొయ్య సహ్యమైనను చీలతల చర్మమును కాల్చును. తుప్పుపట్టని ఉక్కు మరమేకులను క్రిందినుండియే బిగింపవలెను. రంగును వార్నిషును పూయరాదు.

గదికి నేల చెంత నొకటి, కప్పు చెంత నొకటి గాలిరంధ్రము లుంచి, స్నానానంతరము రెండును తెరువవలెను. మరునాటి యుదయమున పట్టెల యడుగు భాగమును తాకి చూడుడు. తడి తగిలినచో రంధ్రములు చాలలేదన్నమాట. కొయ్య నల్లబడకమునుపే వానిని పెద్దవి చేయింపుడు.