చలికాలంలోనూ మన దీవి ఎందుకు వెచ్చగా ఉంటుంది?

మారిషస్‌లో వేసవి సగటు ఉష్ణోగ్రత 24.7 డిగ్రీలు, చలికాలం సగటు 20.4. తేడా 4.3 డిగ్రీలే. ఎందుకని పిల్లలు అడిగితే ఇలా చెబుదాం.

భూమధ్యరేఖకు మనం దక్షిణాన 20 డిగ్రీల దూరంలో ఉన్నాం. తెలంగాణలోని ఆదిలాబాద్ ఉత్తరాన దాదాపు అంతే దూరం. కానీ అక్కడ మే నెలలో 40 డిగ్రీలు దాటుతుంది, చలికాలం తెల్లవారుజామున 10 కంటే కిందికి దిగుతుంది. ఆ ఊరికి లేనిది, మనకు ఉన్నది చుట్టూ సముద్రం.

కిలో నీరు ఒక డిగ్రీ వేడెక్కాలంటే, కిలో పొడి ఇసుకకు కావలసినదానికి సుమారు 5 రెట్లు వేడి కావాలి. పైగా అలలు ఆ వేడిని లోతుకు కలుపుతాయి. వేసవిలో దాచుకున్న వేడిని సముద్రం చలికాలంలో మెల్లగా గాలికి ఇస్తుంది. మనకు వీచే ఆగ్నేయ గాలులు ఆ సముద్రం మీదుగానే వస్తాయి.

ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి చల్లబడుతుంది. అందుకే జూలైలో ఇండియా నుంచి పెద్దవాళ్లు వస్తుంటే, క్యూర్‌పిప్ వైపు వెళ్లడానికి స్వెటర్ తెచ్చుకోమనండి.

పిల్లలతో చేయించండి: ఒక గిన్నెలో ఇసుక, ఒక గిన్నెలో నీళ్లు పోసి గంటసేపు ఎండలో పెట్టి, తర్వాత నీడలోకి మార్చండి. ఏది ముందు చల్లారిందో వాళ్లనే ముట్టుకుని చెప్పమనండి.